పసుపు గీత చెప్పిన తేడా

కృష్ణా డెల్టాలో 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, బందరులో మద్రాసు అబ్జర్వేటరీ అధికారి నార్మన్ పాగ్సన్ పరికరాలు బిగించి సిద్ధంగా ఉన్నారు. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా మూయగానే అంచున ఎర్రని జ్వాలలు లేచాయి. ఆ వెలుగు పట్టకం గుండా వెళ్లి విడివిడి గీతలుగా మెరిసింది. వాటిలో ఒకటి పసుపు గీత.

చాలామంది దాన్ని సోడియం గీత అనుకున్నారు. అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకయర్ కొలిచి చూస్తే అది సోడియం గీతల పక్కనే ఉంది కానీ వాటితో కలవలేదు. అది కొత్త మూలకం గీత అని తేల్చి, ఆ మూలకాన్ని హీలియం అన్నారు. భూమ్మీద హీలియం దొరికింది 1895లో.

బందరుకు రాకముందే పాగ్సన్, రెండు రకాల మరుగుజ్జుల వైపు దారితీసిన రెండు పనులు చేశాడు. 1856లో నక్షత్రాల కాంతికి కచ్చితమైన కొలమానం ఇచ్చాడు: అయిదు మెట్లు దిగితే వెలుగు నూరో వంతు అవుతుంది. 1861లో మద్రాసు నుంచి ‘ఆసియా’ అనే గ్రహశకలాన్ని కనిపెట్టాడు.

మొదటి పని మరుగుజ్జు నక్షత్రాల దాకా తీసుకెళ్లింది. ఆ కొలమానానికి దూరం లెక్క కలిపి, 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఖగోళ శాస్త్రవేత్తలు హెర్ట్‌స్ప్రంగ్, రసెల్ ఒకే రంగు నక్షత్రాల్లో మహాకాయాలనూ మరుగుజ్జులనూ వేరు చేశారు. 13.9 లక్షల కిలోమీటర్ల వ్యాసం ఉన్న మన సూర్యుడూ మరుగుజ్జే! అతని గర్భంలో హైడ్రోజన్ హీలియంగా మారుతూ వెలుగునిస్తుంది. ఇంధనం అయిపోయాక మిగిలేది తెల్ల మరుగుజ్జు. అందులో సూర్యుడంత బరువు భూమి అంత గోళంలో ఇమిడి ఉంటుంది, పాత వేడితోనే అది వెలుగుతుంది. ఆ బరువుకు హద్దు ఉందని 1930లో కుర్ర శాస్త్రవేత్త చంద్రశేఖర్ లెక్కగట్టాడు.

రెండో పనిది గ్రహాల వైపు కథ. 1801లో దొరికిన సెరెస్‌ను కొన్ని దశాబ్దాలు గ్రహమనే అన్నారు. ‘ఆసియా’ లాంటివి గుంపులుగా బయటపడ్డాక సెరెస్‌ను గ్రహశకలాల్లోకి మార్చారు. 1930లో దొరికిన ప్లూటోకూ అదే గతి పట్టింది. 2005లో ప్లూటో లాంటిదే ఎరిస్ బయటపడింది. 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు తీర్పు చెప్పారు: సూర్యుడి చుట్టూ తిరుగుతూ, సొంత బరువుతో గుండ్రబడినా, తన దారిని ఖాళీ చేసుకోలేనిది మరుగుజ్జు గ్రహం. సెరెస్, ప్లూటో, ఎరిస్ మూడూ అందులో చేరాయి. ప్లూటో వ్యాసం 2,377 కిలోమీటర్లు, మన చంద్రుడికన్నా చిన్నది.

ప్లూటో పదవి పోయిన సంగతి మన బళ్లలో పిల్లలకు తెలుసు. గుంటూరు, బందరుల సంగతీ వాళ్లకు చెప్పాలి. ఎందుకంటే ఈ రెండు మరుగుజ్జుల తేడాను తేల్చేది అక్కడ వాడిన పద్ధతే. ప్లూటో వెలుగును పట్టకంలో చూస్తే కనిపించేది దాని నేల తిప్పి పంపిన సూర్యకాంతి. మరుగుజ్జు నక్షత్రం ఎంత మసకగా ఉన్నా, ఆ వెలుగు దాని సొంతం.