అవిభాజ్య వాటా

కర్నూలు పాతబస్తీకి పోయినా, కడప అల్మాస్‌పేటకి పోయినా సందు మొదట్లో ఒక బోర్డు కనబడుతుంది. కొత్త ఫ్లాట్లు అమ్మకానికి సిద్ధం. లిఫ్టు, బోరు, కారు పార్కింగు, తూర్పు వాకిలి, పక్కా వాస్తు. మేము ఆగి చదువుతాం. కొనడానికి కాదు లెండి. ఆ జాగాలో మొన్నటిదాకా ఉన్న మిద్దె ఎవరిదో మాకు తెలుసు.

మిద్దె అంటే రాయలసీమ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మూరెడు మందం గోడలు, దంతెల మీద కట్టెలు పరిచి పైన చౌడు పోసిన కప్పు, వెలుతురుకో గవాచి, కింద బేతంచెర్ల బండలో కడప నల్లబండలో. నడివేసవిలో కూడా లోపల చల్లగా ఉండేది. వానలకి ముందు రెడ్డిగారి మిద్దె మీదా చౌడే, సాయిబు మిద్దె మీదా చౌడే. తేడా వెతికితే మా గుమ్మానికి వేలాడే పర్దా గుడ్డ ఒక్కటి. మమ్మల్ని ఎక్కడినుంచో వచ్చినవాళ్లంటారు. మా కప్పు మీది మట్టి మాత్రం ఈ ఊరి చేలగట్లదే.

మా పేటలంటే నవాబుల దేవిడీలు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏ నవాబులు? కడప మయానా నవాబుల కథ 18వ శతాబ్దంలోనే హైదర్ అలీ చేతిలో ముగిసింది. కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ 1839 అక్టోబరులో జొహరాపురం దగ్గర కుంపిణీ సేనకి చిక్కాడు. తిరుచినాపల్లికి తరలించారు. 1840లో అక్కడే హత్యకి గురయ్యాడు. ఆ జొహరాపురం ఇవాళ కర్నూల్లో ఒక పేట. మిగిలింది మేము: దూదేకినవాళ్లం, జట్కా తోలినవాళ్లం, బీడీలు చుట్టినవాళ్లం, కుట్టుమిషన్ల వాళ్లం. నవాబుల ఆస్తిలో మాకు చిల్లిగవ్వ రాలేదు. నవాబుల మీది నింద మాత్రం పైసా తగ్గకుండా వచ్చింది.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. గుడారాల్లో ఆఫీసులు, ఉద్యోగులకి ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు. 1956లో రాజధాని హైదరాబాదుకి పోయింది, క్యాంపులు ఉండిపోయాయి. ఊరు అటు పెరిగింది. హంద్రీ ఒడ్డున, బురుజు నీడన మేము ఇరుకైపోయాం. కడపలో కొంత ఊపిరి పోసింది కువైటు డబ్బు. 1990లో ఇరాక్ కువైటుని ఆక్రమించినప్పుడు ఆ ఊపిరీ ఆగింది. కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్లు మళ్లీ అదే మిద్దెలో ఓ మూల సర్దుకున్నారు.

మిద్దె మాత్రం ఎందరికని చాలుతుంది? షరియత్ లెక్కన కొడుకు వాటాలో సగం కూతురిది. మూడు తరాలు దాటితే ఇల్లు ముక్కలవుతుంది. (ఎన్ని ఇళ్లలో ఆడబిడ్డలకి ఆ సగమైనా అందిందో మా మగవాళ్లని నిలదీసి అడగాల్సిందే.) అన్నదమ్ములు పంచుకోలేరు, ఒకరిది ఇంకొకరు కొనలేరు. అప్పుడొస్తాడు బిల్డరు. స్థలం మీది, కట్టుబడి నాది, ఫ్లాట్లు సగం సగం.

కర్నూల్లో ఈ పనిని తుంగభద్ర తొందర పెట్టింది. 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ కలిసి పాతబస్తీని ముంచాయి. మట్టి మిద్దె నీళ్లలో నానితే ఏమవుతుందో వేరే చెప్పాలా? చేతిలో డబ్బున్నవాళ్లు మెరక పేటలకి పోదామని చూశారు. అక్కడ ముందు పేరు అడిగారు. పేరు విన్నాక, ఇల్లు ఇప్పుడే వేరేవాళ్లకి మాటిచ్చాం అన్నారు. ఇంకొందరు శాకాహారులకే అన్నారు. మాంసం తినే కులాలు ఈ సీమలో ఎన్నో, ఆ షరతు మా దగ్గరే గుర్తొస్తుంది. ముస్లిములకి కోరుకున్నచోట ఇల్లు కొనడం, అద్దెకి దొరకడం కష్టమవుతోందని, మా పేటల్ని కొన్ని బ్యాంకులు అప్పులివ్వకూడని జోన్లుగా చూస్తున్నాయని 2006లోనే సచార్ కమిటీ రాసింది. ఆ తర్వాత, మీ వాళ్లంతా ఒకేచోట గుంపుగా ఎందుకుంటారని అడిగేదీ ఈ పెద్దమనుషులే.

1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఫ్లాటు కొన్నవాళ్లకి గోడలతోపాటు కింది నేలలో విడదీయరాని భాగం వస్తుంది. దస్తావేజులో దాన్ని అవిభాజ్య వాటా అంటారు. మా పాత మిద్దె జాగాలో లేచిన ఒక బిల్డింగు దస్తావేజు మేము చూశాం. అయిదో అంతస్తులో కొన్నవాళ్లకి ఆ వాటా గజాల్లో రాసిచ్చారు. చెక్కుబందీ పాత కాగితాల్నించి ఎత్తి రాసిందే: తూర్పు మునిసిపల్ రస్తా, దక్షిణం మసీదు గోడ, పడమర ఫలానా సాయిబు మిద్దె. పడమర ఇప్పుడు మిద్దె లేదు. అక్కడ పునాదులు తీస్తున్నారు.