మినీకి ఇంజను మారిస్తే అది మినీయేనా?

పాత కార్లంటే పడిచచ్చేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని పేచీ ఒకటుంది. 1960ల నాటి మినీలో పాత ఇంజను పీకేసి, హోండా వీటెక్ ఇంజను కూర్చి ట్రాక్ మీద తిప్పితే అది ఇంకా మినీయేనా అని. కొందరైతే గుళ్ళో మూలవిరాట్టుని మార్చినంత పాపంగా చూస్తారు. మనలో లెగసీ కోడు ముట్టుకోనివ్వని పెద్దమనుషులు ఉంటారే, అచ్చం అలాగన్నమాట. సరే, తీర్పు చెప్పేముందు ఆ కారు చరిత్ర ఒకసారి తిరగేద్దాం.

1956లో సూయజ్ కాలువ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలుకి రేషన్ వచ్చింది. తక్కువ తాగే చిన్న కారు కావాలని బీఎంసీ కంపెనీ అలెక్ ఇసిగోనిస్‌కి పని అప్పజెప్పింది. ఆయన ఇంజన్ని అడ్డంగా తిప్పి, గేరుబాక్సుని దాని కింద ఆయిలు తొట్టిలోనే పెట్టేశాడు. రెంటికీ ఒకటే ఆయిలు! చక్రాలు 10 అంగుళాలవి. ఇదంతా మనుషులకి చోటు మిగల్చడానికే. 1959లో బయటికొచ్చినప్పుడు 848 సీసీ, 34 హార్స్‌పవర్. సంతకెళ్ళి రావడానికి చాలు.

కానీ నాలుగు చక్రాలూ నాలుగు మూలల్లో ఉండటం, బరువు తక్కువ కావటంతో మలుపుల్లో రోడ్డుని వదిలేది కాదు. ఇది జాన్ కూపర్ కంట్లో పడింది. ఆయనేమీ సందు చివరి మెకానిక్కు కాదండీ. 1959, 1960లలో ఫార్ములా వన్ కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ గెలిచిన కూపర్ టీమ్‌ని నడిపిన మనిషి. ఇసిగోనిస్‌కి మాత్రం ఇది సామాన్యుడి కారు. రేసు వెర్షన్ అంటే ఆసక్తి చూపలేదు. కూపర్ నేరుగా బీఎంసీ పెద్ద జార్జ్ హారిమన్ దగ్గరకెళ్ళి 1000 కార్లకి ఒప్పించుకొచ్చాడు. (మేనేజరు కాదంటే పై ఆయన్ని పట్టుకోవటం మనం కనిపెట్టిన విద్య కాదు!)

అలా 1961లో వచ్చింది మినీ కూపర్. 997 సీసీ, రెండు కార్బురేటర్లు, 55 హార్స్‌పవర్. అందరూ ఈ అంకెలే చెప్తారు గానీ, నాకు ముచ్చటేసేది బ్రేకులు. వేగం రెట్టింపయితే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. డ్రమ్ములో ఆ వేడి త్వరగా బయటికి పోదు. ట్రాక్ మీద నాలుగు ల్యాపులు గట్టిగా తిప్పేసరికి పెడల్ ఎంత తొక్కినా పట్టు దొరకదు. అందుకే 10 అంగుళాల చక్రం లోపల ఇరికించి, ముందువైపు 7 అంగుళాల డిస్కులు పెట్టారు. డిస్కు గాలికి తెరిచి ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. 1963లో కూపర్ ఎస్ 1071 సీసీతో 70 హార్స్‌పవర్‌కి వెళ్ళినప్పుడు డిస్కులు కూడా పెరిగాయి. తర్వాతంతా మోంటే కార్లో ర్యాలీ కథే: 1964, 1965, 1967లలో గెలుపు. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలవే, కానీ హెడ్‌లైట్లు రూల్సుకి తగ్గట్టు లేవని కొట్టేసి సిట్రోయెన్‌కి కప్పు ఇచ్చారు. భలే అన్యాయం.

ఇంతకీ, ఈరోజు "ఒరిజినల్" అని కళ్ళకద్దుకునే కూపరే, డిజైనరుకి ఇష్టం లేకపోయినా బయటివాడు చేయించిన మార్పు. హోండా ఇంజను పెట్టేవాళ్ళూ అదే దారిలో పోతున్నారు. అదీ అడ్డంగా కూర్చునే ఇంజనే కాబట్టి పని కుదురుతుంది, కాకపోతే ముందు సబ్‌ఫ్రేమ్ మార్చాలి. 1.6 లీటర్ల వీటెక్ అంటే 160 హార్స్‌పవర్ దాకా, అదీ 1959లో ఆరొందల చిల్లర కిలోలున్న కారులో! అందుకని 13 అంగుళాల చక్రాలు, పెద్ద డిస్కులు, లోపల రోల్‌కేజ్ కూడా పెట్టుకుంటారు. ఇన్ని మార్చాక ఎఫ్‌ఐఏ హిస్టారిక్ రేసుల్లోకి రానివ్వరు. అక్కడ ఆ కాలంనాటి స్పెసిఫికేషనే ఉండాలి. ఆ రూలు నాకు సబబుగానే తోస్తుంది.

నా మటుకు నేను, అసలైన కూపర్ ఎస్ జోలికి మాత్రం వెళ్ళొద్దంటాను. అవి తక్కువ. 2000 దాకా 53 లక్షలకి పైగా తయారైన మినీల్లో తుప్పుపట్టి మూలన పడున్న మామూలుది దొరికితే నిక్షేపంగా కోసుకోవచ్చు. ముందు బ్రేకులు, టైర్లు, రోల్‌కేజ్. డబ్బులు మిగిలితే అప్పుడు ఇంజను.