రఘువర్ దాస్: మునిసిపాలిటీ లేని నగరం నుంచి ముఖ్యమంత్రి పీఠానికి

జంషెడ్‌పూర్ తూర్పు నియోజకవర్గం నుంచి ఐదుసార్లు వరుసగా గెలిచిన రఘువర్ దాస్ జార్ఖండ్‌కు తొలి ఆదివాసేతర ముఖ్యమంత్రి. అయిదేళ్ల పదవీకాలాన్ని పూర్తి చేసిన తొలి ముఖ్యమంత్రి కూడా ఆయనే. ఆ ఎన్నికల్లోనే సొంత నియోజకవర్గంలో ఓడిపోయారు.

1955లో జంషెడ్‌పూర్‌లోనే పుట్టారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన కుటుంబం. తండ్రి ఉక్కు కర్మాగారంలో కార్మికుడు. దాస్ కో-ఆపరేటివ్ కళాశాలలో సైన్స్, ఆపై న్యాయశాస్త్రం చదివి టాటా స్టీల్‌లో ఉద్యోగం చేశారు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లారు. 1977లో జనతా పార్టీలో, 1980లో భాజపాలో చేరారు. 1995లో సిట్టింగ్ ఎమ్మెల్యే దీనానాథ్ పాండేను పక్కనపెట్టి పార్టీ దాస్‌కు టికెట్టిచ్చింది.

ఈ నియోజకవర్గంలో టెల్కో కాలనీ, గోల్మురి, బిర్సానగర్ వంటి కార్మిక ప్రాంతాలున్నాయి. బిహారీలు, బెంగాలీలు, ఒడియాలు, తెలుగువారు తరాలుగా కలిసి బతుకుతున్న నగరమిది. ఇక్కడ ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. కంపెనీ ప్రాంతాల్లో నీరు, రోడ్ల బాధ్యత కంపెనీలదే. మిగతాది అధికారులు నడిపే నోటిఫైడ్ ఏరియా కమిటీది. కార్పొరేటర్ లేనిచోట కాలువ పూడికకైనా, కరెంటు స్తంభానికైనా జనం వెళ్లేది ఎమ్మెల్యే ఇంటికే. దాస్ పట్టు పెరిగింది ఈ ఖాళీలోనే.

కంపెనీ భూముల్లో వెలసిన 86 బస్తీలకు యాజమాన్య హక్కు కావాలన్నది ఆయన పాత నినాదం. 2000లో జార్ఖండ్ ఏర్పడ్డాక ఆయన కార్మిక, ఆర్థిక, పట్టణాభివృద్ధి శాఖలు చూశారు. 2009 డిసెంబరులో శిబూ సోరెన్ ప్రభుత్వంలో ఉపముఖ్యమంత్రి అయ్యారు. 2014 డిసెంబరు 28న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అయితే అధికారంలో ఉండగా బస్తీలకు ఇవ్వజూపింది యాజమాన్యం కాదు, లీజు.

రాష్ట్రస్థాయిలో ఆయనకు ఎదురుదెబ్బ తగిలింది కూడా భూమి దగ్గరే. ఛోటానాగ్‌పూర్, సంథాల్ పరగణా కౌలు చట్టాలకు 2016లో తెచ్చిన సవరణలపై ఆదివాసీలు తిరగబడ్డారు. నాటి గవర్నర్ ద్రౌపదీ ముర్ము బిల్లులను వెనక్కి పంపడంతో ప్రభుత్వం వాటిని ఉపసంహరించుకుంది.

2019లో ఆయన మంత్రివర్గ సహచరుడు సరయూ రాయ్‌కు భాజపా టికెట్ దక్కలేదు. రాయ్ జంషెడ్‌పూర్ పశ్చిమాన్ని వదిలి, దాస్‌పైనే స్వతంత్రుడిగా నిలబడి 15 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. రాష్ట్రంలో భాజపా బలం 37 నుంచి 25 స్థానాలకు పడిపోయింది.

2023 అక్టోబరులో దాస్ ఒడిశా గవర్నరయ్యారు. 2024 నవంబరులో కోడలు పూర్ణిమా దాస్ సాహు జంషెడ్‌పూర్ తూర్పును తిరిగి గెలుచుకున్నారు. మరుసటి నెలలో దాస్ గవర్నర్ పదవికి రాజీనామా చేసి, 2025 జనవరిలో మళ్లీ పార్టీలో చేరారు.

పట్టణాభివృద్ధి మంత్రిగా, ముఖ్యమంత్రిగా పనిచేసిన నాయకుడి సొంత నగరానికి ఎన్నికైన పాలకమండలి రాలేదు. టెల్కో కాలనీ ఓటరు ఎంపీనీ ఎమ్మెల్యేనీ ఎన్నుకుంటాడు. మూడో ఓటు ఇవ్వాలని జంషెడ్‌పూర్ పౌరులు 1988లోనే సుప్రీంకోర్టు గడప తొక్కారు. ఆ ఓటు లేనంతకాలం ఎమ్మెల్యే పదవి ఇక్కడ కార్పొరేటర్ పనిని కూడా మోయాల్సిందే.