బొంబాయి పాత ఇండ్లు – మనవారి అద్దె రసీదులు

ఉగాది నాడు ఇల్లు కడిగి, గుమ్మానికి మామిడి తోరణము కట్టుట మన ఆచారము. సొంత ఇల్లయినా, అద్దె గది అయినా తోరణము ఒక్కటే. కాని ఇంటి దూలము పుచ్చిన నాడు తేడా తెలియును. దానిని బాగుచేయించవలసినది ఎవరు? యజమానియా, అద్దెకున్నవాడా, సర్కారా? 1995 నుండి ముంబయి అనబడుచున్న మన బొంబాయి నగరము ఈ ప్రశ్నకు చెప్పుకొన్న జవాబుల చరిత్రను సంఘ సభ్యుల ముందుంచ దలచినాము. మేము చరిత్ర పండితులము కాము. రైల్వే ఆఫీసులో ఫైళ్ళు సర్దుకొను గుమాస్తాలము. అయినను కాగితము విలువ మాకు కొంత తెలియును.

ఈ నగరపు గోడలలో మనవారి చెమట కలదు. దీవుల నడుమ సముద్రపు నీటిని ఆపిన హార్న్‌బీ వెల్లార్డు కట్ట 1784 నాటికి పూర్తియైనది. తేరిన పల్లపు నేలల మీద తాపీ పనికి, కూలి పనికి తెలంగాణము నుండి వచ్చిన మనవారిని అక్కడివారు కామాఠీలన్నారు. వారు నివసించిన పేటయే కామాఠీపుర. తరువాత ఆ పేటకు ఎట్టి అపకీర్తి వచ్చినను, మొదట అది శ్రామికుల పేట అని మన పిల్లలకు చెప్పవలసియున్నది. ఆ తరువాత బట్టల మిల్లులలో పనికి మన పద్మశాలీ సోదరులు వచ్చి వర్లీ, పరేలు ప్రాంతములలో చేరినారు.

1896లో నగరమునకు ప్లేగు వచ్చినది. ఇరుకు ఇండ్లే రోగమునకు మూలమని తలచి 1898లో ఇంప్రూవ్‌మెంటు ట్రస్టును స్థాపించినారు. ట్రస్టు పాత ఇండ్లను స్వాధీనము చేసుకొన్నది. అయితే బాగుచేసినది తక్కువ, పడగొట్టినది ఎక్కువ. ఇల్లు పోయిన బీదవారు పక్క వీధులలో మరింత ఇరుకున తలదాచుకొన్నారు. 1920వ దశకములో డెవలప్‌మెంటు డిపార్టుమెంటు వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్డీలలో 207 చాల్ భవనములు కట్టినది. కుటుంబానికి 160 చదరపు అడుగుల గది.

ప్రైవేటు ఇండ్ల కథ వేరు. 1947 నాటి అద్దె చట్టము అద్దెలను 1940 సెప్టెంబరు 1 నాటి మట్టమున నిలిపివేసినది. బీదవానికి అది అండ. కాని అద్దె పెరగనప్పుడు యజమాని మరమ్మతు మానివేసినాడు. వానలకు టేకు దూలములు తడిసి పుచ్చినవి. ఏటేటా వర్షాకాలములో ఇండ్లు కూలినవి.

అప్పుడు సర్కారు ఒక మంచి పని తలపెట్టినది. 1969లో మరమ్మతుల, పునర్నిర్మాణముల బోర్డు చట్టము వచ్చినది. దక్షిణ, మధ్య బొంబాయిలోని 19,642 భవనముల మీద సెస్సు వేసి, ఇంటి పన్నుతో పాటు వసూలు చేసి, ఆ డబ్బుకు తన వంతు కలిపి, బోర్డే మరమ్మతు చేయించవలెనని ఏర్పాటు. వానిలో 16,502 భవనములు 1940 సెప్టెంబరుకు పూర్వపువి. మరమ్మతు ఖర్చు నిర్ణీత పరిమితిని మించినచో, ఇంటిని స్వాధీనపరచుకొని, క్రొత్తగా కట్టి, పాత కాపురస్థులకే ఇయ్యవలెను. 1977లో ఈ పని మ్హాడా క్రిందికి వచ్చినది.

1986లో ఇంకొక అడుగు పడినది. పాత భవనములో నూటికి 70 మంది సహకార సంఘముగా ఏర్పడి కోరినచో, సర్కారు ఆ భవనమును యజమాని నుండి తీసుకొని వారికి అప్పగించవచ్చును. యజమానికి చెల్లించవలసినది నెల అద్దెకు నూరు రెట్లు. గది అద్దె 20 రూపాయలైనచో, ఆ గదికి ముట్టునది 2,000 రూపాయలు! యజమానులు కోర్టుకెక్కుటలో ఆశ్చర్యమేమున్నది? 1992 నుండి నడిచిన ఆ వ్యాజ్యములో 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. ప్రతి ప్రైవేటు ఆస్తియు సమాజపు వనరు కాజాలదనియు, కొన్ని మాత్రము వాని స్వభావమును, కొరతను బట్టి కావచ్చుననియు అధిక సంఖ్యాకుల అభిప్రాయము.

ఈలోగా 1991 నాటి నియమములు అదనపు అంతస్తుల ఆశ చూపి బిల్డర్లను రంగములోనికి దింపినవి. బాగుచేయుట వెనుకబడినది, పడగొట్టి మేడ లేపుట ముందుకు వచ్చినది. 2017 ఆగస్టు 31న భేండీ బజారులో హుస్సేనీ భవనము కూలి ముప్పది మందికి పైగా మరణించినారు. ఆలస్యమునకు వెల ఇదియే.

ఒక కుటుంబము సంగతి మనవి చేసెదము. ఆ పెద్దాయన మిల్లు కార్మికుడు. ఇల్లు బలహీనపడినదని ఖాళీ చేయించి, మూడేండ్లలో తిరిగి రావచ్చునని ట్రాన్సిట్ క్యాంపునకు పంపినారు. పిల్లల పెండ్లిండ్లు ఆ క్యాంపులోనే జరిగినవి. పెద్దాయన కాలము చేసిన పిమ్మట గది ఎవరికి చెందునని అడిగినారు. రసీదులు మేనమామ పేరున ఉన్నవి. మేనమామ ఊరికి పోయి ముప్పది ఏండ్లయినది. ఆయన వ్రాసి ఇచ్చిన కాగితము ఒక్కటియు లేదు. ఆ ఇల్లాలు మా ముందు ట్రంకుపెట్టె తెరచి, “బాబూ, ఇవి పనికి వచ్చునా?” అని పాత రేషను కార్డులు చూపినది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయినాము.

మనవారిలో ఇట్టివారు పెక్కుమంది. ఒక్క గదిలో ముగ్గురు అన్నదమ్ములు, రసీదు ఒక్కరిది. ఎప్పటికైనా ఊరికి పోవుదుమని పేరు మార్పించుకొనలేదు. క్రొత్త కట్టడమైనప్పుడు హక్కుదారుల జాబితాను బోర్డు ధ్రువీకరించును. 1996 జూన్ 13 తరువాత పుట్టిన క్రొత్త అద్దెలను లెక్కలోనికి తీసుకొనరు. సర్కారు ఇంటిని కాపాడగలదు గాని, ఆ ఇంటిలో ఎవరుండిరో చెప్పవలసినది కాగితమే.

కనుక సోదర సోదరీమణులకు మా మనవి. ఈ పండుగకు అటక దులుపునప్పుడు పాత అద్దె రసీదులు పారవేయకుడు. తండ్రి పేరున ఉన్నవానిని తల్లి పేరునకో, మీ పేరునకో మార్పించుకొనుడు. సందేహమున్నచో సంఘములోని చదువుకొన్నవారిని అడుగుడు. గోడలు కట్టినవారి మనుమలు గోడ వెలుపల నిలువకుందురు గాక! అందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.