పుల్లరి పోరు

టీవీలో వచ్చే పోలీసు సీరియళ్లలో ఒక ఘట్టం తరచుగా కనిపిస్తుంది. తన ఇంటివాళ్లను చంపినవాడు ఎస్సైకి ఒంటరిగా చిక్కుతాడు. అక్కడే కాల్చెయ్యాలా, కోర్టుకు అప్పగించాలా? నెల్లూరు సీమకు ఈ ప్రశ్న 13వ శతాబ్దిలోనే ఎదురైంది. అప్పటి తగువు పచ్చగడ్డి మీద.

కండలేరు కడలిలో కలిసేచోట ఉన్న కృష్ణపట్నాన్ని ఆ రోజుల్లో కొల్లితురై అనేవారు. నెల్లూరేలిన తెలుగు చోడుల బిరుదు మీద గండగోపాలపట్నమన్న పేరూ ఉంది. అక్కడి శివాలయానికి ఎగుమతి దిగుమతుల మీద ఇంత రుసుమని వర్తకులు కూడి కట్టడి చేసుకున్నారు, దాన్ని శాసనంగా రాతిమీద చెక్కించారు. రేవులో ఒప్పందం అలా నిలిచింది. బీళ్లలో మాత్రం తెగింది.

కరువుకు తాళలేక ఎర్రగడ్డపాటి కాటమరాజు ఆలమందలతో నెల్లూరు రాజు మనుమసిద్ధి రాజ్యానికి వచ్చాడని కొమ్ములవారు పాడే కథ చెబుతుంది. మేపుకున్నందుకు పుల్లరిగా కోడెదూడలివ్వాలి, మందకు రక్షణ రాజుదన్నది ఒప్పందం. ఇంతలో రాజు ఉంపుడుగత్తె పెంచుకున్న చిలుక గొల్లల చేతిలో చచ్చింది. దానికి బదులుగా ఆమె మనుషులు ఆవులను చంపించారు. రక్షణే లేనప్పుడు పుల్లరెందుకన్నాడు కాటమరాజు. చిలుకకు ఆవు, ఆవుకు పుల్లరి, పుల్లరికి ప్రాణాలు: పగ మెట్టుమెట్టుకూ ఖరీదు పెంచుకుంటూ పోయింది.

కాటమరాజుతో జరిగిన మొదటి పోరులో ఓడి ఇల్లు చేరాడు మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన. భార్య చానమ్మ ఆడవాళ్ల స్నానానికి పెట్టినట్టు మంచం అడ్డం పెట్టి, నీళ్లూ పసుపుముద్దా ఉంచింది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించింది. ఆ అవమానం భరించలేక మళ్లీ కత్తి పట్టి, పాలేటి ఒడ్డున ప్రాణం విడిచాడు. ఈ ఘట్టాన్ని తరతరాలుగా వీరగాథగా విన్నాం. కానీ ఆ పసుపుముద్ద ఒక మనిషిని చావుకు పంపిందని కూడా ఒప్పుకోవాలి.

అప్పట్లో చట్టం లేకపోలేదు. ఖడ్గతిక్కనకు వరసకు సోదరుడూ, మనుమసిద్ధి కొలువులో మంత్రీ అయిన తిక్కన సోమయాజి, భారతంలో యుద్ధానికి ముందు రాయబారం నడిచిన ఉద్యోగపర్వాన్ని తెలుగు చేసినవాడు. ఆయనకు దశకుమారచరిత్రం అంకితమిచ్చిన కేతన మరో పెద్ద పని చేశాడు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యానాన్ని ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి న్యాయగ్రంథం అదే. దావా, జవాబు, రుజువు, తీర్పు అని వ్యవహారానికి నాలుగు పాదాలు చెప్పిన సంప్రదాయం అది. రుజువంటే పత్రం, అనుభవం, సాక్షి.

యాజ్ఞవల్క్యుడు పశువుల యజమానికీ కాపరికీ వచ్చే తగువులకు ఒక ప్రకరణమే కేటాయించాడు. చేను మేసిన గేదెకు ఎనిమిది మాషాల జరిమానా, ఆవుకు అందులో సగం, మేకకూ గొర్రెకూ దానిలో సగం. తప్పుకు వెల కట్టి అక్కడితో ముగించడమే ఆ పద్ధతి.

మరి కాటమరాజు దావా ఎవరి ముందు వెయ్యాలి? ఆవులను చంపించింది రాజు వైపువాళ్లే, తీర్పు చెప్పాల్సిందీ రాజే. ప్రతివాదే న్యాయాధిపతి అయినచోట ఏ స్మృతి పనికొస్తుంది? ఈ కథలో నేరం కన్నా పెద్ద లోపం ఇదే. ఇద్దరికీ పైన నిలబడి వినే మనిషి లేడు.

తప్పుకు వెల కట్టే ఆ పాత పద్ధతి మాత్రం నిలిచింది. ఆంగ్లేయుల కాలంలో 1871లో పశువుల అతిక్రమణ చట్టం వచ్చింది. చేలో పడ్డ గొడ్డును బందెలదొడ్డికి తోలడం, జరిమానా కట్టి విడిపించుకోవడం పల్లెలకు అలవాటైంది. జరిమానాలో యాజ్ఞవల్క్యుడు చెప్పిన వరసే: గేదెకు ఎక్కువ, ఆవుకు తక్కువ, మేకకు ఇంకా తక్కువ.