మూడు భాషల కేక

వన్, టూ, త్రీ! వివా లాల్జెరీ!

అల్జీరియా జట్టు ఎక్కడ ఆడినా ముందు వినిపించేది ఈ కేకే. అంకెలు మూడూ ఇంగ్లీషువి. ‘వివా’ స్పెయిన్, ఇటలీ వాళ్ల మాట. ‘లాల్జెరీ’ అన్నది ఆ దేశానికి ఫ్రెంచివాళ్లు పెట్టుకున్న పిలుపు. అక్కడి జనం ఇళ్లలో మాట్లాడుకునే అరబ్బీ గానీ, కొండప్రాంతాల అమజీగ్ భాష గానీ ఇందులో ఒక్క ముక్క కూడా లేదు. 132 ఏళ్లు ఫ్రాన్స్ కింద నలిగి, ఏడున్నరేళ్లు నెత్తురోడ్చి బయటపడ్డ దేశం తనకు తాను కొట్టుకునే జేజేలు పూర్తిగా అరువు సొత్తు!

మనం నవ్వడానికి లేదు లెండి. ఏ కలెక్టరేటు ముందు ధర్నాలో చూసినా ‘ఇంక్విలాబ్ జిందాబాద్’ అంటాం. మొదటి మాట అరబ్బీ, రెండోది పార్సీ. గొంతు చించుకునేవాళ్లలో ఆ రెండు భాషలూ వచ్చినవాళ్లు ఎందరు? నోటికి పట్టుబడిన మాటకు పుట్టిల్లు ఏదని ఎవరూ అడగరు.

అయినా అడిగితే, అల్జీరియాలో ఈ కేక పుట్టుక గురించి రెండు కథలు చెబుతారు. మొదటిది విముక్తి పోరాటం నాటిది. విదేశీ విలేకరులకు అర్థమయ్యేలా కుర్రాళ్లు ఇంగ్లీషులో ‘వుయ్ వాంట్ టు బి ఫ్రీ’ అని అరిచేవారట. ఇంగ్లీషు రాని పిల్లల నోళ్లలో పడి నలిగి ‘ఫ్రీ’ కాస్తా ‘త్రీ’ అయిందట, దాని ముందు ‘వన్, టూ’ వచ్చి చేరాయట. రెండోది 1975 నాటిది. ఆ ఏడు సెప్టెంబరు 6న అల్జీర్స్‌లో మధ్యధరా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. ఎదుటి జట్టు ఫ్రాన్స్. స్టేడియం పేరు ‘జూలై 5’, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రోజు. ఆఖరి నిమిషం దాకా 2-1తో ఫ్రాన్స్‌దే పైచేయి. అప్పుడు ఒమర్ బెత్రూనీ గోలు కొట్టి సమం చేశాడు. అదనపు సమయంలో మూడోది పడింది. ఆ మూడు గోల్స్‌నీ జనం లెక్కపెట్టారు, అదే కేక అయింది అంటారు.

మొదటి కథ మరీ ముచ్చటగా ఉంది, అందుకే నాకు కొంచెం అనుమానం. పైగా వన్, టూ, త్రీ అన్నది చప్పట్లకు సరిగ్గా అతికే లెక్క. మూడు దెబ్బలు, ఒక విరామం, మళ్లీ దెబ్బలు. యాభై వేలమందిని ఒక్క తాళంలో పెట్టడానికి దానికి మించినది దొరకదు. కానీ అల్జీరియన్లు మొదటి కథను ఎందుకు వదులుకోరో అర్థమవుతుంది. వాళ్ల దగ్గర ఫుట్‌బాల్ దేశం కంటే ముందు పుట్టింది.

ఇది మాటవరసకు అంటున్నది కాదు. 1958 ఏప్రిల్‌లో, అల్జీరియా అనే దేశం పటంలో ఇంకా లేనప్పుడు, ఫ్రాన్స్‌లో ఆడుతున్న అల్జీరియా ఆటగాళ్లు గుట్టుచప్పుడు కాకుండా సరిహద్దులు దాటి ట్యునిస్ చేరారు. సాంతెతియెన్ క్లబ్బు స్ట్రైకర్ రషీద్ మఖ్లూఫీ, మొనాకో డిఫెండర్ ముస్తఫా జితూనీ అందులో ఉన్నారు. జితూనీ మరో రెండు నెలల్లో ఫ్రాన్స్ తరఫున ప్రపంచకప్‌కు వెళ్లాల్సినవాడు. మఖ్లూఫీ అప్పటికి ఫ్రెంచి సైన్యంలో సిపాయి, కాబట్టి పట్టుబడితే పారిపోయిన సైనికుడి కింద శిక్ష. విముక్తి సంస్థ ఎఫ్.ఎల్.ఎన్. పేరుతో ఆ జట్టు తూర్పు ఐరోపా, అరబ్బు దేశాలు, చైనా, వియత్నాం తిరిగింది. ఫిఫా వాళ్లను గుర్తించలేదు. వెళ్లిన ప్రతిచోటా ఆటకు ముందు తమ జెండా ఎగిరి, తమ పాట మోగితే చాలు, వాళ్లకు సగం పని అయినట్టే.

ఆ పాట సంగతి చెప్పకపోతే తరవాతి కథ అర్థం కాదు. అల్జీరియా జాతీయగీతం ‘కసమన్’ మాటలు కవి మొఫ్దీ జకరియా ఫ్రెంచివాళ్ల జైల్లో రాసినవి. బాణీ కట్టింది మొహమ్మద్ ఫౌజీ, కైరో సినిమా సంగీత దర్శకుడు. అంటే ఈజిప్టువాడు.

అంతేనా? 1954 నవంబరు 1న తిరుగుబాటు మొదలైందన్న ప్రకటన ప్రపంచానికి వినిపించింది కైరో రేడియోనే. ఈజిప్టు నేత నాసర్ ఇచ్చిన అండ మీద కసి కూడా తోడై 1956లో ఈజిప్టు మీద జరిగిన సూయజ్ దాడిలో ఫ్రాన్స్ చేయి కలిపింది. బదులుగా 1967లోనూ, 1973లోనూ ఈజిప్టు యుద్ధాలకు అల్జీరియా సైన్యం వెళ్లింది. ఇంత దగ్గరి అన్నదమ్ములు ఒక బంతి దగ్గర ఎలా చెడ్డారు?

కొంత ఆస్తి తగాదా లాంటిదే. ఆఫ్రికాకు అప్పట్లో ప్రపంచకప్‌లో దొరికేవి గుప్పెడు చోట్లు. 1982లో అల్జీరియా వెళ్లి, పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించి లోకాన్ని నివ్వెరపరిచింది. ఆపైన పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తమ ఆఖరి ఆటలో 1-0 దగ్గర ఆగిపోయి, బంతిని అటూ ఇటూ దొర్లించుకుంటూ కాలక్షేపం చేసి ఇద్దరూ ముందుకెళ్లారు, అల్జీరియా ఇంటికొచ్చింది. గ్రూపు ఆఖరి ఆటలు రెండూ ఒకే వేళకు పెట్టడం ఆ బాగోతం తరవాతే మొదలైంది. 1986లోనూ అల్జీరియా వెళ్లింది. 1990 చోటు కోసం ఈజిప్టుతో తలపడాల్సి వచ్చింది. 1989 నవంబరు 17న కైరోలో హొసామ్ హసన్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో ఈజిప్టు గట్టెక్కింది. ఆట అయ్యాక జరిగిన గొడవలో ఈజిప్టు జట్టు డాక్టరుకు కంట్లో దెబ్బ తగిలింది. నేరం అల్జీరియా స్టార్ లఖ్దర్ బెల్లూమీ మీద పడింది. ఆ పని తనది కాదని ఆయన చెబుతూనే వచ్చాడు, కానీ ఇంటర్‌పోల్ వారంటు దాదాపు ఇరవై ఏళ్లు వెంటాడింది. చివరికి 2009లో కేసు ఎత్తేశారు.

సరిగ్గా ఆ ఏడే మళ్లీ ముఖాముఖి, ఈసారీ ప్రపంచకప్ చోటు కోసమే!

జూన్‌లో సొంతగడ్డ బ్లిదాలో అల్జీరియా 3-1తో గెలిచింది. నవంబరు 14న కైరోలో ఆఖరి ఆట. ఈజిప్టు మూడు గోల్స్ తేడాతో గెలిస్తే నేరుగా ప్రపంచకప్‌కు, రెండు తేడా అయితే లెక్కలన్నీ సమం, అంతకంటే తక్కువైతే అల్జీరియాకు. ఆటకు రెండు రోజుల ముందు, విమానాశ్రయం నుంచి హోటలుకు వెళ్తున్న అల్జీరియా బస్సు మీద రాళ్లు పడ్డాయి, ఆటగాళ్లకు దెబ్బలు తగిలాయి. వాళ్లే లోపలి నుంచి అద్దాలు పగలగొట్టుకున్నారని కైరో పత్రికలు రాశాయి. బస్సులో ఉన్న ఫ్రెంచి టీవీ వాళ్ల కెమెరా మాత్రం వేరే కథ చూపించింది. తరవాత ఫిఫా ఈజిప్టుకు లక్ష స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది.

తలలకు కట్లతో కొందరు ఆడారు. మూడో నిమిషం లోపే అమ్ర్ జకీ గోలు. ఆ తరవాత తొంభై నిమిషాలూ గోడ కట్టినట్టు నిలబడిన అల్జీరియా, 95వ నిమిషంలో ఇమాద్ మోతెబ్ తలతో కొట్టిన బంతికి కూలింది. 2-0. ఇద్దరికీ 13 పాయింట్లు, కొట్టినవి తొమ్మిది, తిన్నవి నాలుగు. రెండు జట్ల లెక్కలూ అచ్చుగుద్దినట్టు ఒకటే కావడంతో మూడోచోట మరో ఆట ఆడక తప్పలేదు. చీటీలో సూడాన్ వచ్చింది.

మధ్యలో నాలుగే రోజులు. కైరోలో అల్జీరియా అభిమానులు చచ్చిపోయారని అల్జీర్స్‌లో పుకారు లేచింది. అది అబద్ధమని తేలేలోపే అక్కడున్న ఈజిప్టు కంపెనీల ఆఫీసులు ధ్వంసమయ్యాయి. అల్జీరియా ప్రభుత్వం విమానాలు పెట్టి వేలమందిని ఖార్తూమ్ పంపింది. ఈజిప్టు నుంచి సినిమా తారలు, అప్పటి అధ్యక్షుడు ముబారక్ కొడుకులిద్దరూ వచ్చారు. సూడాన్ 15,000 మంది పోలీసులను దింపింది. ఉద్యోగాలు, ధరలు, ఎన్నికలు ఏవీ సరిగా లేని రెండు ప్రభుత్వాలకు ఆ నాలుగు రోజులూ పండగే. జనం కోపం పక్క దేశం మీదికి పోతోంది మరి!

నవంబరు 18, ఒమ్‌దుర్మాన్. నైలు నదికి ఇవతల ఖార్తూమ్, అవతల ఈ ఊరు. 40వ నిమిషంలో కరీమ్ జియానీ ఈజిప్టు డిఫెన్సు మీదుగా బంతిని కుడివైపు వేశాడు. అక్కడికి పరుగెత్తుకొచ్చినవాడు స్ట్రైకర్ కాడు, వెనక కాపలా ఉండాల్సిన అంతర్ యహియా. గోలు గీత దాదాపు అందేంత పక్కన ఉన్నాడు, ఆ కోణం నుంచి ఎవరైనా మధ్యకు తోస్తారు. అతను బంతిని కింద పడనివ్వకుండా కుడికాలితో బాదాడు. గోలీ అల్ హదరీ తల మీదుగా వెళ్లి వల పైకప్పులో కొట్టుకుంది. మిగతా ఆట అంతా అల్జీరియా గోలీ ఫౌజీ షావుషీది. అసలు గోలీకి సస్పెన్షన్ పడితే వచ్చిన కుర్రాడతను. ఒక్కటంటే ఒక్కటి పోనివ్వలేదు.

ఆ రాత్రి అల్జీర్స్ నిద్రపోలేదు. మామూలుగా చూస్తే అందులో వింతేముంది, గెలిచిన ఊళ్లు అలాగే ఉంటాయి: కార్ల బానెట్ల మీద తెలుపు-ఆకుపచ్చ జెండాలు, హారన్లలోనే వన్-టూ-త్రీ, ఎర్ర పొగ, డాబాల మీద నుంచి నాలుక ఆడిస్తూ ఆడవాళ్లు తీసే ‘యూయూ’ కూతలు. కానీ ఈ ఊరికి ఒక గతం ఉంది. తొంభైలంతా అంతర్యుద్ధం, లక్షకు పైగా మనుషులు పోయారు. ఏళ్ల తరబడి కర్ఫ్యూ. చీకటి పడితే తలుపులు బిగించుకుని, వీధిలో కారు ఆగితే ఎవరి కోసమో అని వణికిన ఇళ్లు అవి. ఆ ఇళ్లలోని అమ్మమ్మలు, కోడళ్లు, పిల్లలు అర్ధరాత్రి రెండింటికి నడిరోడ్డు మీద చిందులేస్తున్నారు. 24 ఏళ్ల తరవాత ప్రపంచకప్ అన్నది పైకి చెప్పే కారణం. లోపలి కారణం, రాత్రిని మళ్లీ సొంతం చేసుకోవడం అని నేననుకుంటాను. ఆ సంబరంలో రోడ్డు ప్రమాదాలకు ప్రాణాలూ పోయాయి, దాన్నీ దాచనక్కర్లేదు.

సముద్రానికి అవతల మార్సే పాత రేవులో, పారిస్ షాంజెలీజే మీద కూడా అదే కేక. 1961 అక్టోబరు 17న ఇదే పారిస్‌లో శాంతియుతంగా నడిచిన అల్జీరియన్లను పోలీసులు చంపి సెన్ నదిలోకి తోశారు. ఇప్పుడు వాళ్ల మనవలు అదే ఊళ్లో జెండా కప్పుకుని తిరుగుతున్నారు. గోలు కొట్టిన యహియా పుట్టింది కూడా ఫ్రాన్స్‌లోని మ్యులూజ్‌లోనే.

మర్నాడు ఈజిప్టు అల్జీర్స్ నుంచి తన రాయబారిని వెనక్కి పిలిచింది. కైరో జమాలెక్‌లోని అల్జీరియా ఎంబసీ ముందు రాళ్లు, మంటలు. రెండు నెలలకు ఆఫ్రికా కప్ సెమీఫైనల్‌లో ఈజిప్టు 4-0తో కసి తీర్చుకుంది, అల్జీరియావాళ్లు ముగ్గురు రెడ్‌కార్డు తిని బయటికి పోయారు. అంత చేసి సాధించిన ప్రపంచకప్‌లో అల్జీరియా ఒక్క గోలూ కొట్టలేదు. ఇంగ్లండును మాత్రం 0-0తో ఆపింది.

2019లో ఆఫ్రికా కప్ ఈజిప్టులో జరిగింది. ఆతిథ్యం ఇచ్చిన జట్టు ముందే ఓడి ఇంటికెళ్లిపోయింది. జూలై 19న ఫైనల్, అల్జీరియా, సెనెగల్. పదేళ్ల కిందట మోతెబ్ తలతో కొట్టిన అదే కైరో స్టేడియం. రెండో నిమిషంలో బగ్దాద్ బునెజా కొట్టిన బంతి డిఫెండరు కాలికి తగిలి గాల్లోకి లేచి, గోలీ చూస్తుండగానే వల్లో పడింది. అదొక్కటే గోలు. కప్పు రియాద్ మహ్రెజ్ ఎత్తాడు, స్టాండ్లలో వన్, టూ, త్రీ మొదలైంది. అంతకు ముందు, ఆట మొదలవకముందు, జట్టు వరసగా నిలబడి ‘కసమన్’ పాడింది. మొహమ్మద్ ఫౌజీ బాణీ, ఆయన సొంత దేశంలో.