నల్గొండ నేలలో రోము కాసులు

2017 సంక్రాంతికి ఫిల్మ్‌నగర్ శాతవాహనులను వెండితెర మీదికి తెచ్చింది. క్రిష్ దర్శకత్వంలో బాలకృష్ణ నటించిన 'గౌతమిపుత్ర శాతకర్ణి'లో ఆఖరి యుద్ధం గ్రీకు డెమెట్రియస్‌తో. చరిత్రలో ఆ డెమెట్రియస్ శాతకర్ణి కన్నా రెండు వందల ఏళ్లకు పైగా ముందువాడు. అయితే కొడుకు యవనులను (గ్రీకులను) అణచాడని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో చెప్పించిన మాట నిజమే. ఆ కాలపు పడమటి లోకం మన నేలలో వదిలి వెళ్లిన ఆనవాళ్లలో మాత్రం కత్తుల కన్నా కాసులే ఎక్కువ.

నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. అవి డెనారియస్‌లు. నాణేల పండితుడు పరమేశ్వరీలాల్ గుప్తా ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన ఇలాంటి రోమన్ నాణేలన్నిటి మీద 1965లో ఒక పుస్తకం రాశారు. దాన్ని రాష్ట్ర ప్రభుత్వ మ్యూజియమే అచ్చు వేసింది.

దక్షిణాదిలో దొరికే రోమన్ వెండిలో అగస్టస్, టైబీరియస్‌ల ముద్రలే ఎక్కువ. ఎందుకు? క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణెం బరువు తగ్గించి, వెండిలో కల్తీ పెంచాడు. మన వ్యాపారులు పాత నాణేన్నే కోరుకున్నారని పండితుల వివరణ.

అంత సొమ్ము దేనికి వచ్చింది? క్రీ.శ. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడి గ్రంథం 'పెరిప్లస్' మసాలియా తీరంలో సన్నని నూలు బట్టలు విస్తారంగా నేస్తారని చెప్పింది. అది కృష్ణా ముఖద్వారం వైపు సీమ. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. ఆంధ్రులకు 30 కోట పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని రాసినవాడూ ఆయనే.

ఇక కొండాపూర్. ఐటీ కంపెనీల కొండాపూర్ కాదు, సంగారెడ్డి జిల్లాలోది. 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖ అక్కడ తవ్వితే అగస్టస్ బంగారు నాణెంతో పాటు, రోమన్ కాసుల అచ్చుతో చేసిన మట్టి బిళ్లలూ దొరికాయి. ఇలాంటి బిళ్లలకు కొన్నిటికి మెడలో వేసుకునేందుకు వీలుగా కొక్కెం, కన్నం ఉంటాయి. మన కాసులపేరులాగే పరాయి రాజు బొమ్మ కూడా నగ అయింది.

నాగార్జునసాగర్ నీళ్లు ముంచెత్తకముందే, 1954 నుంచి 1960 దాకా సాగిన తవ్వకాలు నాగార్జునకొండ శిథిలాలను బయటపెట్టాయి. అక్కడా రోమన్ బంగారు నాణేలు కనిపించాయి.

శాతవాహనుల మీద మరో సినిమా తలపెట్టేవారు కాస్ట్యూమ్స్, ఆర్ట్ విభాగాలను ముందుగా కొండాపూర్ మ్యూజియానికి పంపాలి. ఆ మట్టి బిళ్లలను చూశాకే మెడలో నగ గీయించాలి.